రక్తం కనిపించే దాకా ఆగకండి

హైదరాబాద్ ఐటీ వాడలో కుక్కను పెంచుకునేవాళ్లకు పార్వో వైరస్ సంగతి తెలుసు. చాక్లెట్ పెట్టకూడదనీ తెలుసు. పిడుదులు పట్టకుండా నెలనెలా మందు వేయించాలనీ తెలుసు. సెల్లార్‌లో లిఫ్టు వెనకో, జనరేటర్ గది మూలనో పెట్టిన ఎలుకల మందు బిళ్ల గురించి మాత్రం చాలామంది ఆలోచించరు. ఆ బిళ్ల తిన్న కుక్క ఆ పూట అన్నం తింటుంది. మర్నాడు మామూలుగానే తోక ఊపుతూ ఎదురొస్తుంది. మూడో రోజో అయిదో రోజో ఉన్నట్టుండి కూలబడుతుంది. తేలిగ్గా కాపాడగలిగిన రోజులన్నీ "బాగానే ఉందిగా" అనుకుంటూనే గడిచిపోతాయి. ఈ అధ్యాయం ఆ రెండు మూడు రోజుల గురించి. వాటిని సరిగ్గా వాడుకున్నవాళ్ల కుక్కలు చాలావరకు బతుకుతాయి.

ఎలుకలతో మన గొడవ

1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మాదాపూర్ చుట్టూ ఎక్కువగా బండరాళ్లు, తుప్పలు. ఇప్పుడు కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా టవర్ల పక్కన టవర్లు. వాటి కింద రెండు మూడు అంతస్తుల సెల్లార్లు, మధ్యలో పునాదులు తవ్వి వదిలేసిన స్థలాలు, వీధి వీధికీ పీజీ హాస్టళ్లు, అర్ధరాత్రి దాకా నడిచే టిఫిన్ బండ్లు. ఎలుకలకూ పందికొక్కులకూ ఇంతకన్నా ఏం కావాలి? వానాకాలంలో కాలువలు పొంగితే అవి నేరుగా సెల్లార్లలోకి ఎక్కి కార్ల వైర్లు కొరికేస్తాయి.

ఎలుకలను అదుపు చేయవద్దని ఎవరూ అనరు. వాటి మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ కుక్కలకూ ప్రాణాంతకమే. 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో రోగిని ఎలుకలు కరిచిన సంగతి రాష్ట్రమంతా తెలుసు. అందుకే అసోసియేషన్లు పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలుస్తాయి, విడి ఇళ్లవాళ్లు కిరాణా కొట్టులో ప్యాకెట్ కొంటారు. చిక్కు మందు పెట్టడంలో లేదు. ఏ మందు, ఎక్కడ, ఎప్పుడు పెట్టారో కుక్కను పెంచేవాళ్లకు తెలియకపోవడంలో ఉంది.

ముందు మందు పేరు తెలుసుకోండి

మన దగ్గర దొరికే ఎలుకల మందులన్నీ ఒకటి కావు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని రకంలో ఎక్కువగా కనిపించేది బ్రోమాడయోలోన్. 0.005 శాతం మందున్న బిళ్లలుగా అమ్ముతారు. 0.25 శాతం గాఢ పొడి కూడా ఉంది. గోదావరి జిల్లాల వరిరైతులకు ఇది బాగా పరిచయం. నూకల్లో కాస్త నూనె వేసి, పొడి కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు. లెక్క చూడండి: బిళ్లలో గ్రాముకు 0.05 మిల్లీగ్రాముల మందు ఉంటే, గాఢ పొడిలో గ్రాముకు 2.5 మిల్లీగ్రాములు. అంటే 50 రెట్లు. కుక్క నాకింది బిళ్లా, పొడి డబ్బానా అన్నది అందుకే డాక్టరు మొదట అడుగుతారు.

రెండో రకం జింక్ ఫాస్ఫైడ్. నల్లటి పొడి, వెల్లుల్లి లాంటి ఘాటు వాసన. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది రోజులు ఆగదు, గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి విరుగుడు లేదు. తిండి పెడితే ఆమ్లం పెరిగి వాయువు ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి ఏమీ తినిపించకూడదు. కుక్క కారులో వాంతి చేసుకుంటే ఆ గాలి మనకూ ప్రమాదమే, అద్దాలన్నీ దించాలి. మూడో రకం పసుపు భాస్వరం పేస్టు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మొదటి రకానికి చక్కటి విరుగుడు ఉంది, మిగతా రెండింటికీ లేదు. అందుకే ప్యాకెట్ దొరికితే పారేయకండి. నలిగినా చిరిగినా దాన్ని కవర్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందుగా ఫొటో తీసి డాక్టరుకు పంపండి.

రెండు రోజులు ఏమీ ఎందుకు కనిపించదు

ఇకపై చెప్పే లక్షణాలు, పరీక్షలు, విరుగుడు మొదటి రకం మందు గురించే. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడానికి కాలేయం కొన్ని ప్రొటీన్లు తయారుచేస్తుంది. వాటిలో రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్లవి పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. శరీరం ఈ విటమిన్‌ను ఒకసారి వాడి పారేయదు, మళ్లీ మళ్లీ సరిచేసి వాడుకుంటుంది. బ్రోమాడయోలోన్ లాంటి మందు ఆ సరిచేసే ఎంజైమును ఆపేస్తుంది. అయినా ఆ క్షణానికి నెత్తుటిలో ఉన్న ప్రొటీన్లు అలాగే ఉంటాయి. ఊరికి సరుకు లారీ రావడం ఆగిపోయినా, డబ్బాలో పప్పు ఉన్నన్నాళ్లూ వంట నడుస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. నిల్వల్లో ముందు తరిగేది ఏడో నంబరు ప్రొటీన్, దాదాపు ఆరు గంటలకొకసారి సగానికి పడిపోతుంది. 36 నుంచి 72 గంటల్లో రక్తపరీక్షలో తేడా తెలుస్తుంది. మూడు నుంచి అయిదు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది.

ఈ మందుల పుట్టుక కథ కూడా పశువులతోనే మొదలైంది. 1920లలో అమెరికా, కెనడా రైతుల పశువులు బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిని, చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన దూడనూ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునూ వెంటపెట్టుకుని మంచుతుపానులో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకు వచ్చాడు. ఆ గడ్డిలోని పదార్థాన్ని లింక్ బృందం వెలికితీసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. తర్వాత అదే మనుషులకు మందైంది. గుండె కవాటం మార్పించుకున్న బంధువు రోజూ వేసుకునే రక్తం పలచబరిచే మాత్ర, నెలనెలా చేయించుకునే ఐఎన్ఆర్ పరీక్ష మీకు తెలిసే ఉంటాయి. ఆ మాత్రా, సెల్లార్‌లోని బిళ్లా ఒకే కుటుంబం. కాకపోతే ఎలుకలు వార్ఫరిన్‌ను తట్టుకోవడం నేర్చాక వచ్చిన బ్రోమాడయోలోన్, బ్రోడిఫాకమ్ లాంటి రెండో తరం మందులు చాలా గట్టివి. ఇవి కాలేయంలో వారాల తరబడి తిష్ఠ వేస్తాయి. చికిత్స అన్ని వారాలు సాగడానికి కారణం ఇదే.

లక్షణాలు: రక్తం లోపలే కారుతుంది

చాలామంది ముక్కు నుంచో నోటి నుంచో రక్తం వస్తుందని ఎదురుచూస్తారు. ఎక్కువసార్లు రక్తం బయటికి రాదు. ఛాతీలోకి, పొట్టలోకి, కీళ్లలోకి కారుతుంది. అందుకే మొదట కనిపించేవి చిన్న చిన్న తేడాలే.

మెట్లు ఎక్కనంటుంది, ఆటకు రాదు, తిండి దగ్గర మొహం తిప్పుకుంటుంది. ఊరికే దగ్గుతుంది, ఎగశ్వాస తీస్తుంది. దెబ్బేమీ తగలకుండానే కుంటుతుంది. చర్మం కింద మెత్తటి వాపు, పొట్ట మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. విరేచనం నల్లగా జిగటగా అవుతుంది, మూత్రం ఎర్రబారుతుంది. ఎరల్లో చాలావరకు రంగు కలుపుతారు కాబట్టి విరేచనంలో నీలం, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అది పెద్ద ఆధారం.

ఇంట్లో ఎవరైనా చేయగల పరీక్షలు రెండున్నాయి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నల్ల చిగుళ్ల కుక్కకు కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. రెండోది, నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటకూడదు. చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి వేగం పెరిగినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

తిన్నదని తెలిసిన మొదటి గంట

సోమవారం పొద్దున సెల్లార్‌లో మీ కుక్క ఏదో నమిలిందనుకుందాం. వాచ్‌మన్ "సార్, నిన్న రాత్రే మందు పెట్టిపోయారు" అన్నాడు. ఇక వరసగా ఇవి చేయండి.

ఒకటి, నోట్లో మిగిలినది తీసేసి, కుక్కను అక్కణ్నుంచి తప్పించండి. ఎంత తిందో అంచనా వేయండి. బిళ్లలు ఎన్ని పెట్టారు, ఎన్ని మిగిలాయి అని మందు పెట్టినవాళ్లనే అడగండి.

రెండు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. మందు పేరు, శాతం, తిన్న సమయం, కుక్క బరువు చెప్పండి. తిన్న నాలుగు గంటల్లోపు వాంతి చేయించగలిగితే మందులో చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. తర్వాత అవసరాన్ని బట్టి యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టిస్తారు. నాలుగు గంటలు దాటినా వెళ్లాల్సిందే, అప్పుడు చికిత్స వేరే దారిలో సాగుతుంది.

మూడు, ఇంటి వైద్యం వద్దు. ఉప్పునీళ్లు తాగించడం మరీ ప్రమాదం, రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. పాలు, గుడ్డు, ఆముదం వల్ల ఉపయోగం లేదు. పగ్ లాంటి పొట్టిముక్కు కుక్కలకు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పుంది కాబట్టి ఆ పని డాక్టరే చేయాలి.

నాలుగు, స్టాండప్ మీటింగ్ ఉందనో, సాయంత్రం డాక్టరు దగ్గర రద్దీ తక్కువనో వాయిదా వేయకండి. సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికే ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పెట్ క్లినిక్ ఏదో ఈ రోజే కనుక్కుని నంబరు దాచుకోండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల పనివేళలు కూడా ముందే తెలుసుకోండి.

డాక్టరు దగ్గర ఈ మాట తప్పక చెప్పండి

మన ఊళ్లో కుక్కకు ముక్కు నుంచి రక్తం వస్తే, చిగుళ్లు పాలిపోతే డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది టిక్ ఫీవర్. అది సబబే. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లికియా ఇక్కడ చాలా మామూలు, అది ప్లేట్‌లెట్లను తగ్గించి రక్తస్రావం తెస్తుంది. అందుకే మీ వంతుగా ఒక్క ముక్క చేర్చండి: "మా సెల్లార్‌లో ఎలుకల మందు పెట్టారు. తిని ఉండొచ్చని అనుమానం." చూడకపోయినా, అనుమానమే అయినా చెప్పండి.

ఈ మాట పరీక్ష దిశను మారుస్తుంది. టిక్ ఫీవర్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి, గడ్డకట్టే సమయం చూపే పీటీ పరీక్ష సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఎలుకల మందులో పీటీ విపరీతంగా పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు అంతగా తగ్గవు. పీటీకి రక్తాన్ని సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో తీయాలి. రెండు జబ్బులూ ఒకేసారి ఉండే అవకాశమూ ఉంది. తిన్న మొదటి రోజు పీటీ బాగుందని ఊరట పడకండి. 48 నుంచి 72 గంటల మధ్య చేసే పరీక్షే నిజం చెబుతుంది. అప్పటికీ మామూలుగా ఉంటే గండం గడిచినట్టే.

కె1 మాత్ర, నెల రోజుల ఓపిక

విరుగుడు విటమిన్ కె1, ఫైటోమెనడయోన్ అనే పేరుతో వస్తుంది. చీటీలో కె1 అని ఉండగా మందుల షాపులో మెనడయోన్ అనే కె3 ఇస్తే తీసుకోకండి. పేరు దగ్గరగా ఉన్నా అది ఇక్కడ పనిచేయదు, పైగా హాని చేస్తుంది. మోతాదు డాక్టరే నిర్ణయిస్తారు. కొవ్వున్న తిండితో కలిపి ఇస్తే మాత్ర బాగా ఒంటబడుతుంది. కె1 వేసిన వెంటనే రక్తం ఆగదు, కొత్త ప్రొటీన్లు తయారవడానికి కొన్ని గంటలు పడుతుంది. అప్పటికే రక్తం కారుతున్న కుక్కకు ఆలోగా ప్లాస్మానో, తాజా రక్తమో ఎక్కించాల్సి ఉంటుంది. దాతగా ఆరోగ్యంగా, టీకాలు పడి, టిక్ ఫీవర్ లేని పెద్ద కుక్క కావాలి. మీ కమ్యూనిటీలో 25 కిలోలు దాటిన లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు ఉన్న ఇళ్లవాళ్లతో ఇప్పుడే మాట్లాడి వాట్సాప్‌లో జాబితా పెట్టుకోండి.

రెండో తరం మందులకు కె1 మూడు నాలుగు వారాలు ఇవ్వాలి. చాలా కుక్కల్ని మళ్లీ ప్రమాదంలో పడేసేది ఈ దశే. వారానికే కుక్క చలాకీగా గెంతుతుంది, మనం మాత్ర ఆపేస్తాం. కాలేయంలో మందు ఇంకా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో రక్తస్రావం తిరగబెడుతుంది. చివరి మాత్ర వేసిన 48 గంటలకు పీటీ చేయించి, అది మామూలుగా ఉంటేనే చికిత్స ముగిసినట్టు. ఆ తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి.

ఆ నెల రోజులూ పరుగులు, సోఫా మీద నుంచి దూకడాలు వద్దు. మెడపట్టీకి బదులు ఒంటికి వేసే హార్నెస్ వాడండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఒక్కటి కూడా ఇవ్వకండి. ఆపరేషన్లు, పళ్లు శుభ్రం చేయించడం వాయిదా వేయండి.

అసోసియేషన్‌లో మీరు లేవనెత్తాల్సిన విషయం

కుక్కల కోసమే జీహెచ్ఎంసీ కొండాపూర్‌లో పార్కు కట్టిన నగరమిది. ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీలో ఎలుకల మందు ఎక్కడ పెట్టారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. వచ్చే సమావేశంలో ఈ అయిదూ అడగండి.

మందు పేరు, శాతం నోటీసు బోర్డు మీద రాయాలి. పెట్టే తేదీని ముందురోజే గ్రూపులో చెప్పాలి. విడి బిళ్లలు నేల మీద వేయకుండా, తాళం ఉండి నేలకు బిగించిన ఎర పెట్టెల్లోనే పెట్టాలి. గడువయ్యాక మిగిలిన ఎరను లెక్కపెట్టి తీసేయాలి. చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి పూడ్చాలి, ఎందుకంటే వాటిని తిన్న పిల్లులకూ గుడ్లగూబలకూ విషం పాకుతుంది. ఎలుకల్ని మనకన్నా బాగా అదుపు చేసే పక్షిని మనమే చంపుకోవడం తెలివైన పని కాదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఎలుకకు తిండీ దారీ లేకుండా చేయడం. తడిచెత్త డబ్బాలకు మూతలు పెట్టించండి. పైపులు గోడలోకి వెళ్లే చోట సందులు సిమెంటుతో మూయించండి. బొటనవేలంత కంత చాలు ఎలుక దూరడానికి. ఇళ్లలో బోను వాడండి. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఇంట్లో ఎలుకల మందు పెట్టించాక ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. కుక్కకు ప్రమాదమైన మందు, నేల మీద పాకే పసివాడికీ ప్రమాదమే. ఈ మాట చెబితే కుక్కలంటే గిట్టని సభ్యులు కూడా వింటారు.

వీధికుక్కల మీద కోపంతో ఎవరైనా కావాలని మందు కలిపి పెడితే అది నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు.

"వదులు" అనే మాట నేర్పండి

కుక్క దేన్నయినా నోటితోనే పరీక్షిస్తుంది. దాని స్వభావాన్ని మార్చలేం, ఒక అలవాటు చేయగలం. గుప్పిట్లో బిస్కెట్ పెట్టుకుని చూపండి. అది మూతితో పొడిచినా, నాకినా తెరవకండి. విసిగి వెనక్కి తగ్గిన క్షణంలో "వదులు" అని, రెండో చేత్తో వేరే తినుబండారం ఇవ్వండి. గుప్పిట్లోది మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. రోజుకు అయిదు నిమిషాల చొప్పున కొన్ని వారాలు చేస్తే, నేల మీద పడినదాన్నీ మాట వినగానే వదిలేస్తుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. కుక్కను నడిపించడానికి వచ్చే అబ్బాయికీ, పనమ్మాయికీ నేర్పండి. సెల్లార్‌లో, లిఫ్టు దగ్గర, ఖాళీ స్థలాల పక్కన పట్టీ విప్పకండి.

ఈ రోజే చేయాల్సినవి

మీ సెల్లార్‌లో వాడుతున్న ఎలుకల మందు పేరు కనుక్కుని రాసిపెట్టుకోండి. రాత్రి తెరిచే క్లినిక్ నంబరు ఫోన్‌లో దాచుకోండి. కుక్క బరువు తూచి పెట్టుకోండి. దాని చిగుళ్లు మామూలు రోజున ఏ రంగులో ఉంటాయో ఒకసారి చూసుకోండి. వీటికి పట్టేది అరగంట.

కుక్క తన బాధ నోటితో చెప్పలేదు. ఈ విషం లక్షణాలు కూడా ఆలస్యంగానే చెబుతుంది. కాబట్టి తిన్నదన్న అనుమానం రాగానే బయల్దేరండి. అనుమానం తప్పయితే పోయేది ఒక పూట సెలవు, పరీక్ష ఖర్చు. నిజమైతే మిగిలేది ఒక ప్రాణం.